ఆయాసం గడి

రామతీర్థం,
5-5-2025.

శ్రీకాకుళం బీమా కంపెనీలో కాంప్లయన్స్ మేనేజరు ఉపేంద్ర గారికి,

చనిపోయిన సన్నాయి జగన్నాధం పెళ్ళాం ఈశ్వరి రాస్తన్నాది. అన్నియ్యా అని మొదలెట్టనేదని మొహం ముడుసుకోకు. అలా ఎందుకు పిలవనేదో కడదాకా సదివితే నీకే తెలుస్తాది.

ముందొక మాట. నీ నంబరు నా ఫోన్లోంచి తీసీసాను. ఫోన్లో నువ్వు ఒకటి సెప్తావు, మర్నాడు నేనలా అన్నానా అంటావు. ఇకమీదట నాతో ఏటి సెప్పాలన్నా కాగితం మీద, నీ సేత్తో, తారీకేసి రాయి. టైపు కొట్టించి పంపితే పొయ్యిలో ఎడతాను.

మొన్న మా ఆయన సంవత్సరీకానికి నువ్వు రానేదు. ఆఫీసు పనన్నావు. యమునొదిన వచ్చింది. పాపం ఆవిడ మంచిది, నోట్లో మాట ఆగదు. మన రెండు జిల్లాల్లో మీ కంపెనీ తిప్పికొట్టిన క్లెయిములన్నీ నువ్వే తవ్వి తీసావంట. ఎక్కడెక్కడ కంపెనీ తప్పున్నాదో రిపోర్టు రాసావంట. బీమా కంపెనీల మీద పెత్తనం సేసే సర్కారు ఆఫీసుకి, హైదరాబాదుకి, అది ఎల్లిందంట. అందులో మా ఆయన కేసూ ఉన్నాదంట. అది రాసినన్నాళ్ళూ నీకు అన్నం సయించనేదని ఒదిన కళ్ళనీళ్ళెట్టుకుంది. నాకు మాత్రం ఒళ్ళు మండింది.

మీ కంపెనీ నాకు రాసిన ముక్క నీకు గుర్తుండకపోతే ఇదిగో, సూసి రాస్తన్నాను: "పాలసీదారు తన శ్వాసకోశ వ్యాధిని ఉద్దేశపూర్వకంగా దాచినందున." దాచాడంట! సన్నాయి ఊదీవోడు ఆయాసం ఎక్కడ దాస్తాడు, సెప్పు? పల్లకీ ముందు ఊదతా ఊదతా ఊపిరందక ఆగిపోతే, ఆ ఖాళీ జనానికి తెలీకుండా సోములు డోలు మీద దరువు పెంచీవోడు. అయినా తెలిసిపోయీది. ఊరు ఊరంతా విన్నాది. కొండెక్కొచ్చిన యాత్రికులూ విన్నారు. ఒక్క మీ కంపెనీకే వినపడనేదు.

ఫారం నింపింది గరివిడి ఏజెంటు గణపతిరావని నువ్వే సెప్పావు, చావింట్లో చాప మీద కూకుని. ఆడు ఏటీ అడక్కుండానే అన్ని గళ్ళలోనూ లేదు, లేదు అని రాసుకుంటా పోనాడన్నావు. అదే మాట నీ రిపోర్టులో ఉంటే, మా ఆయన పేజీ ఒక్కటి నాకు పంపు. డబ్బు అక్కర్నేదని గొప్పలు పోను, కావాల. కానీ ముందుగాల ఆ 'దాచాడు' అన్న మాట పోవాల. బతికినన్నాళ్ళూ అబద్ధం ఆడనోడు సచ్చాక అబద్ధాలకోరు అయిపోతే నేను ఒప్పుకోను.

ఈశ్వరి


అరసవల్లి,
17-5-2025.

చిరంజీవి ఈశ్వరికి అన్నయ్య ఆశీర్వదించి రాయునది.

నీ ఉత్తరం ఆఫీసు చిరునామాకి పంపడం తప్పు. అక్కడ తపాలా చూసే గుమాస్తా కవరు విప్పి చదివాడు. ఇకపై ఇంటికి రాయి. యమున అనకూడని మాట అంది. ఆమెకి చెప్పవలసింది చెప్పాను.

నువ్వు అడిగిన నివేదిక గురించి ఒక్కసారే చెబుతాను, మళ్ళీ అడగవద్దు. అది కంపెనీ తన తప్పులను తానే వెతుక్కుని రాసుకున్న స్వీయ తనిఖీ నివేదిక. ప్రతి పేజీ మీద 'గోప్యం' అని ముద్ర ఉంది. నియంత్రణ సంస్థకి ఇచ్చినంత మాత్రాన లోకానికి ఇచ్చినట్టు కాదు. వాళ్ళూ దాన్ని రహస్యంగానే ఉంచాలి.

ఇది కంపెనీని కాపాడుకునే ఎత్తు అని నువ్వు అనుకుంటావు. కొంచెం నిదానంగా ఆలోచించు. తాను రాసిన కాగితమే రేపు కోర్టులో తన మెడకు చుట్టుకుంటుందని తెలిస్తే, ఏ కంపెనీ తన తప్పు తాను రాస్తుంది? అంతా సక్రమంగా ఉంది అని రెండు ముక్కలు రాసి చేతులు దులుపుకుంటుంది. ముద్ర ఉంది కాబట్టే మేము నిజం రాశాం. నిజం రాశాం కాబట్టే కొత్త నియమం వచ్చింది. ఇప్పుడు ఏజెంటు ఫారంలో ప్రతి ప్రశ్నా చదివి వినిపించాలి, జవాబు రికార్డు చేయాలి. నీలాంటి వాళ్ళు ఇంకొందరు ఇలా బాధపడకుండా ఆ నివేదికే ఆపుతోంది.

ఒక్క పేజీ బయటికి ఇచ్చినా నా ఉద్యోగం పోతుంది. బావ మీద నాకు గౌరవం లేక కాదు. చట్టం చూపించిన దారిలో నువ్వు ఎంత దూరమైనా వెళ్ళు. ఆ కాగితాల జోలికి మాత్రం రాకు.

ఉపేంద్ర


రామతీర్థం,
2-6-2025.

మేనేజరు గారికి,

ఎంత సక్కగా రాసావు! రెండు సార్లు సదువుకున్నాను, ఒకసారి నవ్వొచ్చింది, ఒకసారి కడుపు రగిలింది.

అంటే ఏటి? నా కాలు తొక్కినోడు ఎల్లి సర్కారోడి సెవిలో 'నేనే తొక్కాను' అని సెప్పుకుంటాడు. సర్కారోడు 'మంచోడివిరా, నిజం సెప్పావు' అని వీపు తడతాడు. కాలు ఇరిగిన నాకు మాత్రం ఎవుడు తొక్కాడో సెప్పకూడదు. పైగా 'నీ కాలే వంకర' అని నాకు ఉత్తరం రాస్తారు. ఇదా మీ నిజం?

ఇంకొకళ్ళు బాధపడకుండా ఆపుతోందంట. ఆ ఇంకొకళ్ళ కోసం మా ఆయన్ని దొంగని సెయ్యాలేటి? మీకు నిజం తెలుసు. సర్కారుకీ తెలుసు. తెలిసి తెలిసి ఆ 'దాచినందున' అన్న ఉత్తరాన్ని ఎనక్కి తీసుకోనేదు. తెలీక సేసింది తప్పు. తెలిసాక అలాగే ఉంచీడాన్ని ఏటంటారో నీ ఆఫీసు తెలుగులో నువ్వే సెప్పు.

విజీనారంలో పద్మకుమారి అని ప్లీడరమ్మ ఉన్నాది. వినియోగదారుల కమిషన్లో కేసు ఏసింది. ఆ రిపోర్టు కావాలని హైదరాబాదుకి సమాచార హక్కు కాగితం కూడా ఎట్టింది. ఆళ్ళేటంటారో సూద్దాం. ఈలోగా నువ్వు పంపకపోతే నేనే మీ ఆఫీసుకొస్తాను. పరువు కోసం భయపడీది నువ్వు, నేను కాదు.

ఈశ్వరి


అరసవల్లి,
27-6-2025.

ఈశ్వరికి,

ఆశీర్వచనాలు రాసే మనసు లేదు.

సోమవారం నువ్వు చేసిన పని ఆడది కాదు కదా, మగాడు కూడా చెయ్యడు. బావ సన్నాయి తెచ్చి మా రీజనల్ మేనేజరు బల్ల మీద పెట్టి, "దీంట్లో ఆయాసం ఎక్కడ దాగుతాదో ఊది సూపించండి" అని అరిచావు. ఆఫీసంతా లేచి నిలబడింది. ఎదురుగా పాలసీ కట్టడానికి వచ్చిన జనం ఫోన్లు తీశారు. నేను నీ భుజం పట్టుకుంటే విదిలించి, "ఈయనెవుడో నాకు తెలీదు" అన్నావు. ఆ మాట విన్నాను. గుర్తు పెట్టుకుంటాను.

సాయంత్రానికి నాకు మెమో వచ్చింది. రహస్య నివేదిక ఉందన్న సంగతి నా కుటుంబానికి ఎలా తెలిసిందో సంజాయిషీ ఇవ్వాలి. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఇది మొదటి మెమో.

నీ ప్లీడరమ్మ దరఖాస్తుకి జవాబు వచ్చిందని విన్నాను. ఇవ్వము అన్నారు కదా? నమ్మకం మీద అప్పగించిన కాగితం, బయట పెట్టకూడదు అన్నారు కదా? నేను చెప్పిందే వాళ్ళూ చెప్పారు. ఇప్పుడైనా నోరు మూసుకుని కేసు నడుపుకో. ఇంకొకసారి ఆఫీసు గుమ్మం ఎక్కితే పోలీసులకి ఫోను చేసేది నేనే.

ఉపేంద్ర


రామతీర్థం,
9-7-2025.

ఉపేంద్రకి,

పోలీసులకి ఫోను సేస్తావా? సెయ్యి. నాన్న డోలు కర్రతో నిన్ను తన్నబోతే అడ్డం పడి నేను దెబ్బ తిన్నాను, ఎడమ మోసేతి మీద మచ్చ ఇప్పుడికీ ఉన్నాది. అదీ సూపిస్తాను పోలీసోళ్ళకి.

ఆ జవాబు వచ్చిన రోజున పద్మకుమారి గారి ఆఫీసులో కూకుని ఏడిసాను. ఆవిడ టీ తెప్పించి ఒక మాట సెప్పింది. నీకు కూడా పనికొస్తాది, విను.

"అమ్మా, వాళ్ళు దాచుకుంటున్నది కాగితం. ఆ రోజు ఏం జరిగిందన్నది ఎవరూ దాచలేరు. కాగితం మీద ముద్ర ఉంటుంది, జరిగినదాని మీద ఎవరూ ముద్ర వెయ్యలేరు. ఆ రోజు అక్కడున్న మనిషిని పిలిచి అడగొచ్చు. ఆ మనిషి తను చేసింది, తను విన్నది చెప్తే ఏ రహస్యమూ బయట పెట్టినట్టు కాదు" అన్నాది.

ఇన్నాళ్ళూ కాగితం కాగితం అని నీ ఎంట పడ్డాను, ఎర్రిదాన్ని. ఇప్పుడు కాగితం అడగను. మీ రిపోర్టు మీ బీరువాలోనే ఎట్టుకోండి, పూజలు సేసుకోండి. ఒక్కటే అడుగుతన్నాను. దీనికి మీ కంపెనీ పర్మిషను అక్కర్నేదు.

మా ఆయన ఫారం ఎవుడు నింపాడు?

ఈశ్వరి


అరసవల్లి,
17-7-2025.

ఈశ్వరికి,

గణపతిరావు నింపాడని అప్పుడే చెప్పాను. ఏజెంటు సంతకం ఆయనదే ఉంది, పాలసీ పుస్తకంలో కాపీ ఉంటుంది, చూసుకో. ఆయన్ని కంపెనీ తీసేసింది కూడా. ఇంతకన్నా చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

ఉపేంద్ర


రామతీర్థం,
28-7-2025.

ఉపేంద్రకి,

సూసుకున్నాను. బాగా సూసుకున్నాను.

శనివారం గరివిడి ఎల్లాను. గణపతిరావు ఇప్పుడు రైల్వే గేటు కాడ జిరాక్సు కొట్టు నడుపుతన్నాడు. నన్ను సూడగానే లేసి కుర్సీ ఏసాడు. "అమ్మా, నేను సంతకం ఒక్కటే పెట్టాను. ఫారం నింపీసి నా కాడికి వచ్చింది. ఎవరు నింపారో అడక్కండి, నాకూ పిల్లలున్నారు" అన్నాడు. తన ఏజెన్సీ పోయినందుకు ఏడవనేదు. మా ఆయన పోయినందుకు కళ్ళు తుడుసుకున్నాడు.

ఇంటికొచ్చి పాలసీ పుస్తకం తీసాను. ఫారమంతా ఇంగ్లీషు. నాకు ఇంగ్లీషు రాదు. అంకెలు వచ్చు. మా ఆయన పుట్టిన సంవత్సరం 1971. నాది 1977. ఏడు అంకె వచ్చిన ప్రతి సోటా దాని నడుం మీద అడ్డగీత ఉన్నాది.

ఒకటీ ఏడూ ఒకేలా ఉంటే కొట్టోడు మోసం సేస్తాడని, ఏడుకి నడుం మీద బెల్టు కట్టాలని నాన్న మనిద్దరికీ పలక మీద నేర్పించాడు గుర్తుందా? మా స్కూల్లో ఎవుళ్ళూ అలా రాసీవోళ్ళు కారు. మేష్టరు నన్ను కొట్టీవోడు కూడా. గణపతిరావు సేత జిరాక్సు బిల్లు రాయించుకొచ్చాను. ఆడి ఏడుకి బెల్టు నేదు.

నీ ఉత్తరాలు తీసి పక్కన ఎట్టాను. 17-5. 27-6. 17-7. నీ సేత్తో తారీకేసి రాయమని ఎందుకన్నానో ఇప్పుడు తెలిసిందా? మొదటి నుంచీ నాకు అనుమానమే. రూఢి సేసుకోడానికి నువ్వే మూడు కాగితాలు పంపావు.

సావింట్లో, దీపం పక్కన కూకుని, గణపతిరావు పేరు సెప్పావు. ఆడి పొట్ట కొట్టావు. మా ఆయన పరువు తీసావు. సర్కారుకి నీతులు రాసావు. సిగ్గనీది ఉన్నాదా నీకు?

ఈశ్వరి


అరసవల్లి,
17-8-2025.

ఈశ్వరీ,

ఇది ఐదోసారి రాయడం. ఆఫీసు తెలుగులో రాస్తే ప్రతిసారీ అబద్ధంలాగే వస్తన్నాది. ఆదివారం, గుడికొచ్చిన ఆటోల గోల. యమున పుట్టింటికి ఎల్లిపోయింది. నీ ఉత్తరం సదివీసి ఎల్లిపోయింది.

నేనే నింపాను.

అప్పట్లో నేను బ్రాంచిలో డెవలప్‌మెంట్ ఆఫీసరుని, ఏజెంట్లంతా నా కిందే. సొంతోళ్ళ పాలసీ నా పేరుతో రాయకూడదని గణపతిరావు సంతకం తీసుకున్నాను. రెండున్నరేళ్ళ కిందటి రథసప్తమి. మీరిద్దరూ దర్శనం సేసుకుని మా ఇంటికొచ్చారు. బావ తన ఆయాసం తగ్గాలని స్వామికి మొక్కు సెల్లించుకున్నాడు. ఫారం టీపాయి మీద ఎట్టి ఒక్కో గడీ సదువుతన్నాను. ఆయాసం గడి కాడికి వచ్చాం. బావ సెప్పాడు. "నాకున్నాది కదా బావా, అది రాసీ" అన్నాడు. ఇవే మాటలు. సెవిలో ఇప్పుడికీ ఉన్నాయి.

అప్పుడు పరమాన్నం గిన్నెతో వంటింట్లోంచి నువ్వొచ్చావు. ఏటన్నావో గుర్తుందా? "మొక్కు సెల్లించీసాక రోగం పేరు ఎత్తకూడదని అమ్మ సెప్పనేదేటి? స్వామికి ఒప్పజెప్పీసాం. ఇంక అది నీది కాదు. నోరు మూసుకుని ఇది తిను" అన్నావు. బావ నవ్వి గిన్నె అందుకున్నాడు. మన ఇంట్లో పుట్టినోడినే కదా, నాకూ తప్పనిపించనేదు. గడి ఖాళీగా ఒదిలీసాను. మర్నాడు బ్రాంచిలో ఖాళీ గడి ఉంటే ఫారం తీసుకోమన్నారు. మార్చి లోపల పాలసీలు పూర్తి సెయ్యాలని నా మీద ఒత్తిడి. లేదు అని రాసీసాను.

రిపోర్టులో ఇది రాసాను. పాలసీదారు నోటితో సెప్పాడు, ఉద్యోగి వేరేలా రాసాడు, ఆ ఉద్యోగిని నేనే అని పేరెట్టి రాసాను. నువ్వు కేసు ఏసాక, అది తేలీదాకా కదపొద్దని పైవాళ్ళు ఫైలు మూసీసారు. హైదరాబాదులో ముక్కూ మొహం తెలీనోళ్ళకి సెప్పుకోగలిగాను. నీకు సెప్పలేకపోయాను. ముద్ర అడ్డం ఎట్టుకున్నాను.

ఒక్కటి రాయనేదు. నీ మాట. ఆ రిపోర్టులో ఎక్కడా నువ్వు నేవు. భయపడకు.

కానీ ఇదీ విను. నన్ను సాక్షిగా పిలిస్తే కంపెనీ ప్లీడరు మొదట అడిగీది, గడి ఎందుకు ఖాళీగా ఒదిలావని. అప్పుడు నీ పేరు సెప్పక తప్పదు. నా ఒక్కడి సిగ్గు గురించే రాసావు. నోరు మూసుకోమన్నది నేను కాదు. నన్ను లాగితే నువ్వూ బయటికి వస్తావు. ఆలోచించుకో.

ఉపేంద్ర


రామతీర్థం,
30-8-2025.

ఉపేంద్రకి,

నీ ఉత్తరం పద్మకుమారి గారికి ఇచ్చీసాను. అది మీ కంపెనీ కాగితం కాదు, దాని మీద ఏ ముద్రా నేదు. నా తోడబుట్టిన అన్న నాకు రాసింది.

గుర్తుందా అని బెదిరిస్తన్నావు. గుర్తుంది. మొదటి రోజు నుంచీ గుర్తుంది. మీ కంపెనీ ఉత్తరంలో 'దాచినందున' అన్న ముక్క సదివిన్నాడే నా సెవిలో నా గొంతు నాకే వినపడింది. ఆ పేజీ కోసం ఎందుకంత గోల సేసానో తెలుసా? అందులో నేనున్నానో లేదో సూసుకుందామని. ఉంటే ఇంక నా నోటితో నేను సెప్పక్కర్నేదు, కాగితమే సెప్పీస్తాది అనుకున్నాను. నీకు ముద్ర అడ్డం దొరికింది. నాకు నువ్వు దొరికావు. నిన్ను తిడతన్నంత సేపూ నన్ను నేను తిట్టుకోనక్కర్లేకపోయింది.

ఇప్పుడు "అందులో నువ్వు నేవు, భయపడకు" అంటన్నావు. అయితే ఆ రిపోర్టూ నిజం కాదన్నమాట. ముద్ర ఉంటేనే నిజం రాస్తామన్నావు కదా పెద్ద మనిషివి? ముద్రేసుకుని కూడా సగమే రాసావు. ఎవుళ్ళూ సూడరని తెలిసిన సోట కూడా పూర్తిగా సెప్పలేనోడివి, ఇంక ఎక్కడ సెప్తావు?

నీకు తెలీని సంగతి ఒకటి సెప్తాను. ఆ రథసప్తమి తరవాత ఏడాది పైన బతికాడు. ఒక్కనాడు నా ముందు ఆయాసం అన్న మాట ఎత్తనేదు. దగ్గొస్తే లేసి పెరట్లోకి ఎల్లిపోయీవోడు. ఎక్కడికెల్లావంటే, బావి కాడ తాడు సరిసేసాననీవోడు. సోములుకి సెప్పాడంట, గుళ్ళో పూజారికి సెప్పాడంట, నాకు మాత్రం సెప్పొద్దన్నాడంట. మా ఆయన ఎవుళ్ళ దగ్గిరా ఏటీ దాచనేదు. ఒక్క నా దగ్గరే దాచాడు. నేను దాయమన్నానని.

పద్మకుమారి గారికి ఇదంతా సెప్పాను. "మీ మాట బయటికొస్తే కంపెనీ ప్లీడరు మీ మీదికే తిప్పుతాడు, కేసు గెలుస్తామని మాటివ్వలేను" అన్నాది. ఓడిపోతే ఓడిపోతాను. జగన్నాధం నోరు తెరిసి సెప్పాడు, కంపెనీ మనిషి సెవితో విన్నాడు. ఆ రెండూ అక్కడ రాసుకుంటారు. అవి రాసుకున్నాక ఎవుడు దాచాడన్నది మనిద్దరి మీదా పడతాది, ఆయన మీద పడదు. నాకు అది సాలు.

సెప్టెంబరు పదహారు, మంగళవారం, పదిన్నరకి వాయిదా. నీకు సమన్లు వస్తాయి. రాకపోతే ఈడ్సుకొస్తారు. వచ్చి నీ సేత్తో నువ్వు రాసింది నువ్వు సెప్పు. నా నోటితో నేను ఆపింది నేను సెప్తాను. గణపతిరావుని కూడా రమ్మన్నాను, ఆడి ముందే సెప్పాల. యమునొదినకి నువ్వేటీ సెప్పక్కర్నేదు, నేను మాటాడతాను.

నన్ను సూసి దండాలెట్టకు, ఏడవకు, నా పక్కన కూకోకు. మా ఇంటికి రాకు. ఆయన ఒక్కసారి సెప్పబోయాడు, మనిద్దరం కలిసి ఆపీసాం. కాబట్టి మనిద్దరమే సెప్పాల. అయిపోయాక శ్రీకాకుళం బస్సు నువ్వెక్కు, రామతీర్థం బస్సు నేనెక్కుతాను.

ఈశ్వరి